దారి చిలికిన వెన్న

పాలన నేర్పి యువతను రేపటి అధికారులుగా తీర్చిదిద్దడానికి రాజుగారు పాఠశాల పెట్టారు. చేరాలంటే రాజ్యంలో ఒక లోపాన్ని రుజువుతో చూపాలి.

గేదెలు కాసే నూకాలు సభలో నిలబడి, "మా కొండూరి దారి బాగోలేదు ప్రభూ" అంది.

దారులు చూసే మంత్రి విరూపాక్షయ్య మండిపడ్డాడు. "మొన్ననే బాగుచేయించాం! తాటాకుల్లో రాసి ఉంది. గేదెలు కాసేదానికేం తెలుసు?"

నూకాలు తన కుండకు కట్టిన గుడ్డ విప్పింది. మజ్జిగ మీద వెన్నముద్ద తేలుతోంది.

"పొద్దున పెరుగు కుండ బండెక్కించానండి. కవ్వం ముట్టలేదు."

రాజుగారు వెన్న రుచి చూశారు. "మంత్రిగారూ, రేపు అదే బండిలో మీరు కొండూరు వెళ్లి రండి."

"నెల గడువివ్వండి ప్రభూ, దారి వేయించి వెళ్తాను!" అనేశాడు మంత్రి.

సభంతా గొల్లున నవ్వింది. నూకాలు వెళ్లి, పాఠశాలకు ఎంపికైన విద్యార్థుల ముందు వరుసలో కూర్చుంది.