ఏదులయ్య పంటిగాటు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో వానొస్తే ఉరకలేసి, ఎండొస్తే ఊసే లేకుండా పోయే ఒక వాగు. ఆ వాగు గట్టున ఒక బొరియ. ఆ బొరియలో ఏదులయ్య అనే ముళ్ళపంది ఉండేవాడు. ఒళ్ళు గరుకు గానీ మనసు మెత్తన. లోపం ఒక్కటే. కడుపు చెప్పే మాట ముందు వినేవాడు, ఎదుటివాళ్ళు చెప్పే మాట తర్వాత వినేవాడు. మీలో కూడా అలాంటివాళ్ళు ఉన్నారు. పేర్లు చెప్పనులే.

ఒక తొలకరి సాయంత్రం పెద్ద గాలివాన వచ్చింది. సన్నమ్మ అనే తేనెపిట్ట ఆ గాలికి కొట్టుకొచ్చి సరిగ్గా ఏదులయ్య వీపు మీద పడింది. పాపం, ముల్లు గుచ్చుకుని రెక్క చీలింది.

"అయ్యో, నా ముల్లే కదమ్మా గుచ్చుకుంది!" అని ఏదులయ్య ఏడ్చినంత పని చేశాడు.

"నువ్వేం చేస్తావులే చిన్నాయనా, గాలి తోసింది," అంది సన్నమ్మ. "కానీ ఇంక నేను దూరం ఎగరలేను. వానలు పోయి చలి ముదిరితే ఈ వాగు పక్కన ఒక్క పువ్వుండదు. మావాళ్ళంతా కొండ అవతలికి పోతారు. నేనేం తినాల?"

"నువ్వు యాడికీ పోనక్కర్లేదు. పూలే నీ దగ్గరికి వస్తాయి. నేను పెంచుతా," అన్నాడు ఏదులయ్య.

మాటైతే ఇచ్చేశాడు. పూలమొక్కల గురించి అతనికి తెలిసిందల్లా ఒక్కటే, ఏ మొక్క వేరు తియ్యగా ఉంటుందో.

అడవి అంచున మనుషులు వదిలేసి పోయిన పాత బంగళా ఒకటి ఉంది. దాని గోడ పగుల్లో ముసలి ఉడుమవ్వ కాపురం. ఆ దొడ్డిలో రకరకాల పూలమొక్కలు ఎవరి దయా లేకుండా పెరుగుతూ ఉండేవి. మర్నాడే ఏదులయ్య అక్కడికి వెళ్ళాడు. గేటు పక్కన ముద్దమందారం చూసి నోరు తెరిచాడు.

"అవ్వా, ఇది ఇయ్యి. ఎంత పెద్ద పువ్వో!"

"పిట్ట కోసమా, నీ బడాయి కోసమా?" అంది ఉడుమవ్వ. "ఆ రెక్కల గుట్టలో తేనె యాడుందో వెతుక్కునే లోపల నీ పిట్టకి నీరసం వస్తాది. తేనెపిట్టకి గొట్టం లాంటి పువ్వు కావాల."

అవ్వ రెండు తీగలు చూపించింది. కంచె మీద పోయినేడు ఎండిన తీగ నుంచి నల్లటి గింజలు రాల్చి, "ఇది కాశీరత్నం. దీన్ని ఏటా గింజ పెట్టుకుంటూ ఉండాల. తొందరగా వస్తాది, తొందరగా పోతాది," అంది. తర్వాత గోడ పక్కన పిలక ఒకటి వేరుతో సహా తవ్వించింది. "ఇది రాధామనోహరం. ఏళ్ళ తరబడి ఉంటాది. ముందు వేరు సంగతి చూసుకుంటాది, పువ్వు సంగతి ఆనక. ఈ రెండింటికీ చేయాల్సిన మర్యాదలు వేరు నాయనా. చలికాలం వచ్చినప్పుడు ఏం చెయ్యాలంటే..."

అప్పటికే ఏదులయ్య పిలక వేరు వాసన చూస్తూ ఉన్నాడు. నోట్లో నీళ్ళూరుతున్నాయి. ఇంకాసేపు ఉంటే అక్కడే తినేసేట్టున్నాడు. "వస్తా అవ్వా!" అని మిగతా మాట వినకుండానే పరుగెత్తాడు.

బొరియ ముందు ఎండ బాగా తగిలేచోట ఒక రేగుకంప ఉంది. దాని పక్కన కాశీరత్నం గింజలు నాటాడు. కొంచెం ఎడంగా, ఒక చెట్టు మొదట్లో రాధామనోహరం పిలక పెట్టాడు. ఎండు సొరకాయ బుర్ర నోట కరుచుకుని వాగు నుంచి నీళ్ళు తెచ్చి రెండింటికీ పోశాడు.

కాశీరత్నం మొలిచింది, పాకింది, కంపంతా అల్లుకుంది. శ్రావణం దాటేసరికి ఎర్రటి చిట్టి పూలు విరగబూశాయి. సన్నమ్మ కొమ్మ మీంచి కొమ్మ మీదికి గెంతుతూ కడుపునిండా తేనె తాగేది. ఏదులయ్యకి నేల మీద కాళ్ళు ఆనేవి కావు. దారిన పోయే ప్రతివాడినీ ఆపి, "మా కాశీరత్నాన్ని చూశావా?" అని అడిగేవాడు. చూడనివాడిని వదిలేవాడు కాదు.

రాధామనోహరం మాత్రం ఆకులు వేసుకుంటూ కూర్చుంది.

వానాకాలం మధ్యలో ఏదులయ్య దాన్ని అడిగాడు. "ఏం, పూస్తావా?" అది పూయలేదు.

వానలు వెనకబట్టాక మళ్ళీ అడిగాడు. "ఏం, ఇప్పుడన్నా పూస్తావా?" అది పూయలేదు.

చలి మొదలయ్యాక మూడోసారి అడగబోయేసరికి, పూయడం మాట అటుంచి, ఉన్న ఆకులు కూడా రాల్చేసి మోడై నిలబడింది.

"తినడమే గానీ పెట్టడం తెలీదు దీనికి!" అని తిట్టాడు ఏదులయ్య.

ఆ నెలలోనే కాశీరత్నం కూడా పసుపు పచ్చబడి, ఎండి, గలగలమనసాగింది. సన్నమ్మ వాళ్ళవాళ్ళు కొండ అవతలికి వెళ్ళిపోయారు. సన్నమ్మ కొమ్మ మీద ఒక్కతే మిగిలింది. సాలెపురుగుల్ని ఏరుకుని తినేది. దాంతో ప్రాణం నిలబడుతుందే గానీ రెక్కకి బలం రాదు. రోజురోజుకీ దాని గొంతు చిన్నదైపోయింది.

ఏదులయ్యకి భయం పట్టుకుంది. పొద్దున్నా సాయంత్రమూ వాగుకి తిరిగాడు. తెచ్చిన నీళ్ళన్నీ కాశీరత్నానికే పోశాడు. "లేమ్మా, లే. ఒక్క పువ్వు పుయ్యి. నిన్ను ఎంత బాగా చూసుకున్నాను!" అని బతిమాలాడు. వాగు సన్నబడి పాయ అయింది, పాయ మడుగైంది. కాశీరత్నం మాత్రం లేవలేదు. పక్కనే రాధామనోహరం చుక్క నీళ్ళు లేక అలాగే నిలబడింది.

ఒక సాయంత్రం సన్నమ్మ కొమ్మ మీంచి జారి కింద పడింది.

"చిన్నాయనా, నా వల్ల నువ్వు చిక్కిపోయినావు. చాల్లే," అంది.

ఆ మాటకి ఏదులయ్య కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. దుఃఖం కాస్తా కోపమైంది. ఆ కోపం రాధామనోహరం మీదికి మళ్ళింది. "ఎండినదానికి నేల ఎందుకు! నీ వేరైనా తిని ఆకలి తీర్చుకుంటా," అంటూ మొదలు దగ్గర పళ్ళు దించాడు.

కటుక్కుమంటుందనుకున్నాడు. అనలేదు. పన్ను మెత్తగా దిగింది. నాలుక్కి చెమ్మ తగిలింది. వెనక్కి జరిగి చూశాడు. గోధుమరంగు బెరడు కింద లేత పచ్చగా ఉంది.

"సన్నమ్మా! ఇది బతికే ఉంది!" అని అరిచాడు. ఆకలి చంపేస్తోంది. నోటి ముందు తియ్యటి వేరు ఉంది. అతని కడుపు, "ఇంకొక్క కొరుకు," అంది.

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఏదులయ్య కడుపు మాట వినలేదు. కొరికినచోట తడిమట్టి మెత్తి, లేచి నిలబడ్డాడు.

"మరి నేను నీళ్ళు పోసిన కాశీరత్నమో?" అంటూ అటు తిరిగి, తీగని పట్టి లాగాడు. అది పుటుక్కున విరిగింది. లోపలంతా పొట్టే. ఎండుకాయలు పగిలి గింజలు జలజలా రాలి అతని వీపు ముళ్ళలో ఇరుక్కున్నాయి.

సన్నమ్మ మెల్లగా నవ్వింది. "అది ఇయ్యాల్సింది ఎప్పుడో ఇచ్చేసింది చిన్నాయనా. నువ్వే తీసుకోలేదు. వినకుండా వచ్చేశానని చెప్పావే, అవ్వ చెప్పబోయింది ఇదేనేమో."

ఏదులయ్యకి సిగ్గేసింది. గింజలన్నీ ఏరి ఎండు సొరకాయ చిప్పలో వేసి బొరియలో పొడిగా దాచాడు. మడుగులో మిగిలిన కాసిని నీళ్ళు రోజూ రాధామనోహరానికి పోశాడు. సన్నమ్మ కోసం గుట్టలన్నీ తిరిగి సాలెపురుగుల్ని వెతికి తెచ్చాడు. మోడుని మాత్రం ఎప్పుడు పూస్తావని ఇంక అడగలేదు.

ఎండలు ముదిరాయి. గాటు పడిన వైపు కొమ్మ ఎండిపోయింది. అది చూసి ఏదులయ్య చాలా బాధపడ్డాడు. రెండో వైపు కొమ్మకి చిగురొచ్చింది, చిగురు వెంట మొగ్గలొచ్చాయి. ఒక సాయంత్రం గొట్టాల్లాంటి పూల గుత్తి తెల్లగా విచ్చుకుంది. తెల్లారేసరికి గులాబిరంగుకి తిరిగింది, ఆ పైన ఎర్రబడింది.

సన్నమ్మ పూల దగ్గరికి గెంతి, ముక్కు లోపలికి పెట్టింది. చాలాసేపటిదాకా తియ్యలేదు. ఏదులయ్య కింద కూర్చుని ఊపిరి బిగబట్టి చూశాడు.

"ఎట్లుందమ్మా?"

"మాట్లాడించొద్దు చిన్నాయనా, తాగనీ!"

సగం తీగే పూసింది. ఆ సగమే సన్నమ్మని తొలకరి దాకా నిలబెట్టింది. వాన పడగానే ఏదులయ్య దాచిన గింజలు కంప పక్కన నాటాడు. కాశీరత్నం ఎర్రగా పూసే రోజుల్లో సన్నమ్మ రెక్కలు విదిల్చి, వాగు మీద ఒక చుట్టు తిరిగి వచ్చి, ఏదులయ్య ముక్కు ముందు వాలింది. అతను గట్టిగా ఏడ్చేశాడు.

మళ్ళీ చలికాలం వచ్చింది. రాధామనోహరం మళ్ళీ మోడైంది. ఆ దారిన పోతున్న కుందేలొకటి నీళ్ళు పోస్తున్న ఏదులయ్యని చూసి పకపకా నవ్వింది.

"ఏంది మామా, చచ్చిన తీగకి నీళ్ళు పోస్తాండావు?"

ఏదులయ్య సొరకాయ బుర్ర కింద పెట్టాడు. మొదలు దగ్గర తన పంటిగాటు మీద మట్టి తుడిచి చూపించాడు.

"గోటితో గీకి చూడు నాయనా. పళ్ళతో మాత్రం వద్దు," అన్నాడు.

నీతి: ఏడాదికే పోయే మొక్క దగ్గర గింజ తీసి దాచుకోవాలి, ఏళ్ళపాటు ఉండే మొక్క దగ్గర ఓపిక పట్టాలి. ఏది పోయిందో ఏది పడుకుందో తెలుసుకోకుండా దేన్నీ పీకెయ్యకూడదు.