ఇనోంగే తట్టిన దోనె

జాంబెజి నది తన ఒడ్లను ఇంకా తానే ఎంచుకుంటున్న కాలం నాటి మాట. ఆ నది పక్కన ఇనోంగే అనే ఆమె ఉండేది. ఊళ్లోవాళ్లకు జొన్నలు దంచి పెట్టేది. ఎవరివి దంచితే వాళ్లింట్లోనే ఇంత తినేది. దోనె లేదు, పొలం లేదు. ఒక్క కూతురు, లికాండో. నదికి అవతల దిబ్బ మీద కాపురం. నిండు నెలలు.

నదినిండా నీటిగుర్రాలు. చప్పుడు వినబడితే అవి మీద పడతాయని అందరి నమ్మకం. అందుకని తెడ్లకు గడ్డి చుట్టి, నోరు మూసుకుని దాటేవాళ్లు.

ఆ ఏడు వరద ముందే వచ్చింది. ఒక దోనె చప్పుడు లేకుండా వెళ్లింది, తిరగబడింది. రెండోది ఇంకా మెల్లగా వెళ్లింది, తిరగబడింది. మూడోది ఊపిరి బిగబట్టి వెళ్లింది. అదీ తిరగబడింది. కొందరు ఈది ఒడ్డెక్కారు. కొందరు ఎక్కలేదు.

మర్నాడు పొద్దున దిబ్బ మీద పొగ లేచింది. నొప్పులు మొదలైతే పొగ పెడతానని అల్లుడు చెప్పి ఉన్నాడు. అక్కడ ఇంకో ఆడమనిషి లేదు.

ఇనోంగే పడవ నడిపే ముబీతా దగ్గరికి వెళ్లింది.

"నన్ను దాటించు తమ్ముడూ."

"మూడు దోనెలు పోయాయక్కా. చూళ్లేదా?"

"చూశాను. మూడూ నోరు మూసుకునే పోయాయి."

"మరి పాట పాడుకుంటూ పొమ్మంటావా?"

ఒడ్డున ఉన్నవాళ్లు నవ్వారు. "జొన్నలు దంచే మనిషి మనకు పడవ నేర్పుతోందిరోయ్!"

ఇనోంగే నవ్వలేదు. "రోజూ ఈ ఒడ్డునే దంచుతాను. రోకలి పడగానే అవి లేచి లోతుకు పోతాయి. చప్పుడుకు రావు అవి. ఉలిక్కిపడితే వస్తాయి. పిలవకుండా ఎవరైనా ఇంట్లో దూరితే నువ్వు ఊరుకుంటావా?"

"నీ లెక్క తప్పితే?"

"దోనె ఇవ్వు. నువ్వు రావద్దు."

ముబీతాకు సిగ్గేసింది. తనూ ఎక్కాడు.

ఆమె తెడ్డుకున్న గడ్డి పీకి పారేసింది. తెడ్డుతో దోనె పక్కన గట్టిగా తట్టింది. ఏదీ కదల్లేదు. మళ్లీ తట్టింది. నీళ్లలో చెవులు లేచాయి. మూడోసారి తట్టింది. నల్లటి వీపులు మెల్లగా లోతుకు జరిగాయి.

"లోతు మీది, గట్టువార మాది," అంది ఇనోంగే. "దారివ్వండి. నా బిడ్డ దగ్గరికి పోతున్నాను."

రెల్లు పక్కనే తట్టుకుంటూ, తట్టుకుంటూ దాటారు. పొద్దు వాలకముందే ఆడపిల్ల పుట్టింది. నీళ్లు దిబ్బ ఎక్కేలోపు తల్లినీ బిడ్డనూ తండ్రినీ అదే దోనెలో తెచ్చుకుంది.

తర్వాత ఎవరూ తెడ్లకు గడ్డి చుట్టలేదు. ఇనోంగే మాత్రం పోయేదాకా జొన్నలే దంచింది. పోయిన రోజున ఒడ్డున దోనె ఉన్న ప్రతివాడూ దాన్ని మూడుసార్లు తట్టాడు.

ఇప్పటికీ ఆ ఒడ్డున ఏ తల్లీ బిడ్డతో జాగ్రత్త అనదు. "తట్టావా?" అని అడుగుతుంది. మూడు దెబ్బలూ తన చెవిన పడేదాకా దోనె తాడు వదలదు.