గట్టు నడిచిన నూకాలమ్మ

అనగా అనగా, పార ముందు పుట్టిందో తగాదా ముందు పుట్టిందో ఎవరికీ తెలియని కాలంలో ఒక ఊరు. ఆ ఊళ్ళో నూకాలమ్మ అని ఒక ముసలిది. నా అన్నవాళ్ళు లేరు, జానెడు నేల లేదు. పొలం గట్ల మీద గడ్డి కోసి, మోపు కట్టి, ఊళ్ళో అమ్ముకుని బతికేది.

ఆ గట్లలో ఒకటి గవరయ్య మడికీ దాలినాయుడి మడికీ మధ్యనుంది. ఇద్దరూ కలిగినవాళ్ళే, అయినా కళ్ళు మాత్రం ఆ గట్టు మీదే. ఏటా నాట్లకు ముందు గవరయ్య పార పట్టుకొచ్చి తన వైపు పిసరంత చెక్కేవాడు. మర్నాడు దాలినాయుడు వచ్చి తన వైపు పిసరంత చెక్కేవాడు. ఈయన పిసరంత, ఆయన పిసరంత. మనిషి మోపుతో నడిచే గట్టు కాస్తా పిల్లి నడిచే గట్టయింది.

ఒక ఏడు నాట్లయిన వారానికే అది తెగింది. గవరయ్య మళ్ళో నీళ్ళు దాలినాయుడి మళ్ళోకి దూకాయి. ఒకరి నాటు ఎండింది, ఒకరి నాటు మునిగింది. నువ్వు చెక్కావంటే నువ్వు చెక్కావని కర్రలు లేచాయి.

ఊరి పెద్దలు కూర్చున్నారు. ఆ రోజుల్లో హద్దు తేల్చడానికి ఒక పద్ధతి ఉండేది. నేల లేని మనిషి ఒకరు మట్టిబెడ్డ నెత్తిన పెట్టుకుని నడవాలి. నడిచిందే హద్దు. నడిచిన మనిషి మూడు పున్నములు బతికితే అది నిజం. ఈలోగా పోతే అబద్ధం. భూదేవికి కోపమొచ్చిందని గట్టు తవ్వేసి, మళ్ళీ మొదటికి రావాలి.

"నూకాలమ్మ నడుస్తాది," అన్నారు పెద్దలు. ఆమెను ఎవరూ అడగలేదు.

నూకాలమ్మ అబద్ధమాడే మనిషి కాదు. కానీ డెబ్బై దాటిన ఒళ్ళు. నిజం చెప్పినా మూడు పున్నములు నిలుస్తుందని నమ్మకమేముంది? ప్రాణం పోతే పోయింది, చచ్చాక ఊరంతా తనని అబద్ధాలకోరు అంటుంది. అది తలుచుకుంటేనే ఆమెకు ఏడుపొచ్చింది.

అయినా నడిచింది. నెత్తిన బెడ్డ ఉంటే కిందికి చూడ్డానికి లేదు. ముప్పై ఏళ్ళు మోపుతో తిరిగిన కాళ్ళు తమకు తెలిసిన దారినే పోయాయి. ఒక అడుగు గవరయ్య మళ్ళో పడింది. దాలినాయుడు నవ్వాడు. రెండో అడుగు దాలినాయుడి మళ్ళో పడింది. గవరయ్య నవ్వాడు. మూడో అడుగుకి ఇద్దరూ నవ్వడం మానేశారు.

"ఇదేటే ముసలీ, రెండేపులా తొక్కుతున్నావు?" అన్నాడు గవరయ్య.

"గట్టు ఎడల్పే అంత బాబూ. రెండేపులా మీరు తినేసినారు, నానేటి సేసేది?"

పెద్దలు ఆ అడుగులు పడినంత మేరా గట్టు పోయించారు. మళ్ళీ నాట్లు పడ్డాయి. ఇద్దరికీ కడుపు మండింది. 'ముసలిది ఎన్నాళ్ళుంటుందిలే' అని ఎవరింట్లో వాళ్ళు అనుకున్నారు.

మొదటి పున్నమి దాటింది. నూకాలమ్మ ఉంది. రెండో పున్నమి దాటింది. నూకాలమ్మ ఉంది. చేలు పొట్టకొచ్చాయి. అప్పుడు ముసురు పట్టింది, నూకాలమ్మ జ్వరంతో మంచమెక్కింది.

కబురు గవరయ్య చెవిన పడింది. ముసలిది పోతే గట్టు తవ్వాలి. ఇప్పుడు గట్టు తవ్వితే నీళ్ళన్నీ పోయి పొట్టకొచ్చిన పంట పాడే. అంబలి ముంత పట్టుకుని పరుగెత్తాడు. గుడిసె గుమ్మంలో దాలినాయుడు ఎదురయ్యాడు. అతని చేతిలోనూ ముంతే.

"నీకేటి పని ఇక్కడ?" అన్నాడు గవరయ్య.

"నీకేటి పనో నాకూ అదే," అన్నాడు దాలినాయుడు.

మంచానికి చెరో పక్కన కూర్చున్నారు. మొదటి రోజు మాటల్లేవు. రెండో రోజు, "దుప్పటి అటు లాగు, కాళ్ళు సల్లగున్నాయి" అన్నాడు దాలినాయుడు. గవరయ్య లాగాడు. మూడో రోజు గుడిసె కారింది. ఒకడు పైకెక్కితే ఒకడు తాటాకు అందించక తప్పలేదు.

నూకాలమ్మ కళ్ళు తెరిచింది. "నా కోసం వొచ్చినారా బాబూ, గట్టు కోసమా?"

"గట్టు కోసమేనమ్మా, మొదట," అన్నాడు దాలినాయుడు.

ముసలిది నవ్వి, రెండు ముంతల్లోదీ తాగింది.

మూడో పున్నమి దాటిన పొద్దున ఊరంతా గుడిసె ముందు చేరింది. నూకాలమ్మ కర్ర పట్టుకుని బయటికొచ్చి ఎండలో కూర్చుంది. ఆ ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని ఊపిరి పీల్చుకున్నారు. నూకాలమ్మ మాత్రం హాయిగా ఏడ్చింది. తన మాట నిజమని తేలింది, ఇక ఎప్పుడు పోయినా దిగులు లేదు. వెంటనే పోయిందనుకునేరు. రెండిళ్ళ అంబలీ తాగి మరో తొమ్మిదేళ్ళు దర్జాగా బతికింది.

ఆవిడ పోయి ఎన్ని తరాలైందో. ఆ వైపు ఇప్పటికీ గట్టు తగాదా వస్తే పెద్దలు కొలతాడు తియ్యరు. "ముందు నూకాలమ్మకి అంబలి పోసి రండి" అంటారు. దిక్కులేని ముసలిప్రాణం ఎక్కడుంటే అక్కడికి ఇద్దరూ కలిసి మూడు రోజులు అంబలి పట్టుకెళ్ళాలి. నాలుగో రోజుకీ తగాదా మిగిలుంటే అప్పుడు రావచ్చు. ఎవరూ వచ్చినట్టు లేదు, కొలతాడును ఎప్పుడో ఎలకలు కొరికేశాయి.