గడప మాత్ర

ఒక ఊళ్ళో ఒక పెద్దాసుపత్రి ఉండేది. అందులో వైద్యం చేసేవాళ్ళ కంటే వైద్యం నేర్చుకునేవాళ్ళు ఎక్కువ. వాళ్ళ కంటే రోగులు ఎక్కువ. రోగుల కంటే ఆచారాలు ఎక్కువ.

ఆ ఆచారాల్లో మొదటిది గడప మాత్ర. ఆసుపత్రి కట్టించిన మహానుభావుడు స్వయంగా తయారుచేసిన తెల్లమాత్ర అది. సింహద్వారం దగ్గర ఒక మనిషి పళ్ళెం పట్టుకుని కూర్చునేవాడు. లోపలికి వచ్చే ప్రతి రోగీ కుడిచెయ్యి చాచి, గుడిలో తీర్థం పుచ్చుకున్నట్టు ఆ మాత్ర పుచ్చుకుని, గుటుక్కున మింగి, గడప దాటాలి. అది దేనికి పనిచేస్తుందో ఎవరికీ గుర్తులేదు. దానివల్ల ఎవరికైనా హాని జరిగినట్టు కూడా ఎవరికీ గుర్తులేదు. అందుచేత దాన్ని మందుల్లో జమ కట్టేవారు కాదు. డాక్టర్లు రావడానికి మాత్రం వెనకవైపు వేరే ద్వారం ఉండేది.

ఆ ఆసుపత్రికి ఒక కుమ్మరి గోరుచుట్టుతో వచ్చాడు. వెంట పెళ్ళాం కూడా వచ్చింది. ఎండలు ముదురుతున్నాయి. ఇంటి దగ్గర పచ్చికుండలు ఆరి, కాల్చే ఆవం కోసం ఎదురుచూస్తున్నాయి. వేలికి కట్టు కట్టించుకుని సాయంత్రానికి ఇల్లు చేరాలని వాళ్ళ ఆలోచన. గోరుచుట్టు లాంటి మామూలు రోగాన్ని చూసే తీరిక ఆ రోజు ఎవరికీ లేకపోయింది. రేపు చూద్దామని చెప్పి ఒక మంచం చూపించారు.

తెల్లారేసరికి కుమ్మరి ఒళ్ళంతా ఊదారంగు చుట్టలు లేచాయి. ఒక చుట్ట లోపల ఇంకో చుట్ట, దాని లోపల ఇంకోటి. గోకితే మంట, గోకకపోతే దురద. గోరుచుట్టు మీద రోకటిపోటు అన్న మాట పుట్టింది ఇలాంటివాడి కోసమే అయ్యుంటుంది.

పొద్దున్నే పెద్ద డాక్టరు రౌండ్స్‌కి వచ్చాడు. ఆయన వెనక చిన్న డాక్టర్లు గుంపుగా వచ్చారు. కుమ్మరిని చూసి పెద్ద డాక్టరు ఆగిపోయాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఏమన్నా మందులు వాడుతున్నావా?" అని అడిగాడు.

"లేదండి అయ్యగారూ."

"ఒంటికి పడనిదేమన్నా తిన్నావా?"

"తవరి ఆసుపత్రిలో పోసిన గంజేనండి." కుమ్మరి తన వేలు పైకెత్తి చూపించాడు. "అయ్యా, ఈ వేలండీ..."

ఆ వేలిని ఎవరూ చూడలేదు. గడప దగ్గర మింగిన మాత్ర సంగతి కుమ్మరికి చెప్పాలని తోచలేదు, వాళ్ళకు అడగాలనీ తోచలేదు. తీర్థం పుచ్చుకున్నావా అని ఏ డాక్టరు అడుగుతాడు?

పెద్ద డాక్టరు చెడ్డవాడు కాదు. జీవితమంతా పాఠాలు చెప్పాడు. చెప్పిన ప్రతి రోగానికీ ఇంకెవరో డాక్టరు పేరుండేది. ఆ పేర్లన్నీ నోరారా పలికి, పలికించి, జుట్టు నెరిసిపోయింది. తన పేరున్న రోగం ఒక్కటైనా ఈ భూమ్మీద ఉండాలని ఆయనకు లోపల ఒక కోరిక. చిన్నదైనా ఫరవాలేదనుకునేవాడు. ఇప్పుడది ఊదారంగులో ఎదురుగా కూర్చుని ఉంది.

"ఇది ఇంతవరకూ లోకం చూడని రోగం," అన్నాడు.

మధ్యాహ్నానికల్లా ఆ రోగానికి ఆయన పేరు పెట్టేశారు. మంచం దగ్గర బోర్డు కట్టారు. పరిశోధన మొదలైంది. కుమ్మరి రక్తం తీశారు, చర్మం ముక్క తీశారు, చుట్టలకు బొమ్మలు గీశారు. స్నానానికని బయటికి వెళ్ళి తిరిగొచ్చినప్పుడల్లా కుమ్మరి ద్వారం దగ్గర చెయ్యి చాచాడు, మాత్ర మింగాడు. చుట్టలు రోజురోజుకూ పెరిగాయి. చిన్న డాక్టరమ్మ ఒకామెకు గడప మాత్ర మీద అనుమానం వచ్చింది. పరీక్షలు దగ్గరపడుతున్నందువల్ల ఆ అనుమానాన్ని తనలోనే దాచుకుంది.

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. కుమ్మరి పెళ్ళాం కొన్నాళ్ళు ఓపిక పట్టింది. ఒకరోజు ఓపిక అయిపోయి, ఎవరికీ చెప్పకుండా మొగుణ్ణి ఇంటికి తీసుకుపోయింది. ఇంట్లో ఉన్న కాసిని రోజుల్లోనే చుట్టలన్నీ మాయమయ్యాయి. గోరుచుట్టుకు ఆమె నిమ్మకాయ తొడిగితే అదీ తగ్గిపోయింది.

ఆసుపత్రిలో గగ్గోలు పుట్టింది. దేశదేశాల డాక్టర్లు రోగాన్ని చూడటానికి రాబోతున్నారు, చూపించడానికి రోగం లేదు. మనుషులు బండి కట్టుకుని వెళ్ళి, కాళ్ళావేళ్ళా పడి కుమ్మరిని తీసుకొచ్చారు. గడప దగ్గర అతను అలవాటుగా చెయ్యి చాచాడు. మంచం చేరేలోపే చుట్టలు లేచాయి. ఈసారి పెదవులు కూడా వాచి, ఊపిరి ఆడక కాసేపు కళ్ళు తేలేశాడు. ముఖాన నీళ్ళు కొట్టి, సూది వేసి, ఎలాగో బతికించారు.

చిన్న డాక్టర్లంతా చప్పట్లు కొట్టారు. బతికినందుకు కొందరు, రోగం తిరిగొచ్చినందుకు మిగతావాళ్ళు.

పెద్ద డాక్టరు వాళ్ళకు వివరించాడు. "చూశారా, ఇది చాలా సుకుమారమైన రోగం. బయటి గాలికి బతకదు. మన ఆసుపత్రి గాలి అయితేనే దీనికి సరిపడుతుంది."

"అయితే మా ఆయన్ని బయటే ఉంచుతానండి," అంది కుమ్మరి పెళ్ళాం.

"అలా చేస్తే రోగం చచ్చిపోతుందమ్మా."

"చావనివ్వండి బాబూ, నాకేమన్నా చుట్టమా?"

పెద్ద డాక్టరుకు నిజంగానే బాధ కలిగింది. "నీకు తెలీదమ్మా. ఇలా తొందరపడి నయం చేసుకోబట్టే ఎన్నో అరుదైన రోగాలు లోకానికి దక్కకుండా పోయాయి."

ఆమె కాసేపు ఆయన ముఖం వంకే చూసింది. హాస్యమాడుతున్నాడేమో అనుకుంది. ఆయన హాస్యమాడటం లేదు.

"అయ్యగారూ," అంది నెమ్మదిగా. "గుమ్మం దగ్గర మీవోడిచ్చే ఆ తెల్లబిళ్ళ ఈయనకి పడటం లేదండి. ఇంటికాడ అది లేదు, ఈ చుట్టలూ లేవు. ఇక్కడ మింగాడు, లేచినయ్యి. మీరూ చూశారుగా."

"అది మందు కాదమ్మా."

"మందు కాకపోతే మానేస్తే పోయేదేముంది?"

"అది ఆచారం."

మాట తేలేలా లేదు. అందరి అనుమానమూ తీరాలని పెద్ద డాక్టరు పళ్ళెం తెప్పించి, అందరి ఎదుటా ఒక మాత్ర మింగాడు. వెనక ద్వారం నుంచి వచ్చే మనిషి కావడంతో, ఆయన దాన్ని మింగడం అదే మొదలు. అందరూ ఆయన చేతుల వంకే చూస్తూ నిలబడ్డారు. చిన్న దద్దురు కూడా లేవలేదు.

"చూశావుగా?" అన్నాడు.

"చూశానండి. మీకు పడింది," అంది ఆమె. "మీకు పడిందని ఈయనకి పడాలా? వంకాయ మా అత్తకి పడదు, నాకు పడుద్ది. అంతమాత్రాన అత్త నోట్లో కుక్కుతానా?"

చిన్న డాక్టర్లలో ఎవరో నవ్వబోయి దగ్గు కింద మార్చారు. పెద్ద డాక్టరు బోర్డు మీది తన పేరు వంక చూశాడు. ఆ చూపు ఎటు పోయిందో ఆమె పట్టేసింది. ఈ పెద్దమనిషికి కావలసింది తన మొగుడు కాదని ఆమెకు అప్పుడు అర్థమైంది.

"ఇంకోసారి మింగితే ఈయన బతకడండి. ఈయన్ని కాటికి మోసుకెళ్ళాక మీ రోగాన్ని ఏ బూడిదలో చూపిస్తారు?" అంది. "ఒక పని చేద్దాం. పేరు మీది, మనిషి నా వాడు. పేరు మంచం దగ్గరే ఉంచుకోండి. మనిషిని నాకిచ్చెయ్యండి. ఆ బిళ్ళ ఊసు నేను మరెక్కడా ఎత్తను."

పెద్ద డాక్టరు చాలాసేపు ఆలోచించాడు. రోగి లేకపోయినా రోగం ఉండవచ్చునని ఆయనకు తోచింది. తోచిన కొద్దీ ముఖం వికసించింది. సరేనన్నాడు.

మర్నాడు దేశదేశాల డాక్టర్లు వచ్చారు. ఖాళీ మంచం చుట్టూ నిలబడ్డారు. పెద్ద డాక్టరు బెత్తంతో దుప్పటి మీద అక్కడా ఇక్కడా చూపిస్తూ, చుట్టలు ఎక్కడ మొదలై ఎక్కడికి పాకుతాయో పాఠం చెప్పాడు. అందరూ తలలూపారు. వాళ్ళలో అందరికంటే ముసలాయన ఖాళీ దుప్పటిని పరీక్షగా చూసి, "ఇంత అరుదైన రోగాన్ని నేనెక్కడా చూడలేదు," అని ఒప్పుకున్నాడు.

అదే సమయానికి కుమ్మరీ పెళ్ళామూ మూట సర్దుకుని సింహద్వారం దాటి బయటపడ్డారు. కుమ్మరి ఒంటి మీద చుట్టలు తగ్గుముఖం పట్టాయి, ఊపిరి బాగానే ఆడుతోంది. ఆమెకు గొప్ప సంతోషంగా ఉంది. దారిలో మట్టి మోసే బండికి చెప్పాలనీ, రేపే ఆవం పేర్చాలనీ మాట్లాడుతూ మెట్లు దిగుతోంది.

మెట్ల పక్కన కొత్త రోగులు వరసకట్టి ఉన్నారు. వరసలో ముందున్నది పూలమ్ముకునే ఒకావిడ. వట్టి దగ్గుతో వచ్చింది. అప్పుడే చెయ్యి చాచి మాత్ర పుచ్చుకుని మింగింది. మింగి, మోచెయ్యి గోక్కుంది. గోక్కున్నచోట ఊదారంగు చుట్ట ఒకటి లేచింది.

అతిథులకు ఆసుపత్రి చూపిస్తూ పెద్ద డాక్టరు అప్పుడే వసారాలోకి వచ్చాడు. ఆ మోచేతిని చూశాడు. ఆ ముఖంలో అంత ఆనందం ఇంతకుముందు ఎవరూ చూడలేదు. రెండు చేతులూ చాపి గడప దాకా పరుగున వచ్చాడు.

"రా తల్లీ, లోపలికి రా. నీ కోసమే మంచం ఖాళీగా ఉంచాం."

పూలావిడ పొంగిపోయింది. ఆమెనింత ఆదరంగా ఏ పెద్దమనిషీ పిలిచి ఎరగడు.

కుమ్మరి పెళ్ళాం మెట్ల మీద ఆగిపోయింది. బిళ్ళ ఊసు ఎత్తనని తను ఇచ్చిన మాటకు అప్పుడామెకు సిగ్గేసింది. తన మొగుణ్ణి విడిపించుకున్నాననుకుంది గానీ, మంచం ఖాళీ చేసి ఇచ్చానని అనుకోలేదు.

"పదవే, పొద్దుపోతోంది," అన్నాడు కుమ్మరి. "మనం బయటపడ్డాంగా. మనకెందుకు?"

ఆమె మూట అతని చేతికిచ్చింది. మెట్లెక్కి వెనక్కి వెళ్ళింది. పూలావిడను రెక్క పట్టుకుని ఇవతలికి లాగి, మాత్రల పళ్ళేన్ని కాలితో పక్కకు నెట్టి, సరిగ్గా సింహద్వారం మధ్యన గడప మీద చతికిలబడింది. ఇటువాళ్ళు అటు పోవడానికి లేదు, అటువాళ్ళు ఇటు రావడానికి లేదు. వరస ఆగిపోయింది. లోపల అతిథులు ఆగిపోయారు.

పళ్ళెం పట్టుకునే మనిషి బెదిరిపోయాడు. అన్నేళ్ళలో ఆ గడప మీద కూర్చున్నవాళ్ళు లేరు.

"అమ్మా, గడప మీద కూర్చోకూడదు. అరిష్టం," అన్నాడు.

"తెలుసు," అని ఆమె కొంగు సర్దుకుని, ఇంకాస్త కుదురుగా కూర్చుంది.