‘వెళ్ళొస్తాను’ అనకూడని చోటు

ఇప్పకోన అనే అడవిలో కుందేళ్ళు, దుప్పులు, ఉడతలు, ముళ్ళపందులు, కొండముచ్చులు కలిసిమెలిసి ఉండేవి. కలిసిమెలిసి అంటే కొట్లాడుకోకుండా అని కాదు పిల్లలూ. రోజూ కొట్లాడుకునేవి, రోజూ మళ్ళీ మాట్లాడుకునేవి.

ఆ కోన మధ్యలో ఒక ఊట ఉండేది. ఎంత ఎండాకాలమైనా రాళ్ళ సందులోంచి సన్నగా నీళ్ళు వస్తూనే ఉండేవి. ఆ నీళ్ళు ఎవరిస్తున్నారో ఎవరికీ తెలియదు. అందుకని పొద్దున్నే అందరూ అక్కడికి వచ్చి, ఎవరిస్తున్నారో వాళ్ళకు ఒక దణ్ణం పెట్టి తాగేవాళ్ళు. బండయ్య అనే ముసలి తాబేలు ముందు నిలబడి నాలుగు మంచి మాటలు చెప్పేవాడు. చెబుతూ చెబుతూ ఒక్కోసారి కునుకు తీసేవాడు. పిల్లలు కిసుక్కున నవ్వితే కళ్ళు తెరిచి తనూ నవ్వేవాడు. ఒక కొండముచ్చు మాత్రం ఏనాడూ దణ్ణం పెట్టి ఎరగడు. అయినా వాడి నీళ్ళు వాడు తాగేవాడు, ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. అంతా అయ్యాక “వెళ్ళొస్తాం తాతా” అని చెప్పి ఎవరి దారిన వాళ్ళు పోయేవాళ్ళు.

ఆ అడవిలో చెంగమ్మ అనే కుందేలు ఉండేది. ఆమెకు ఇద్దరు పిల్లలు. పెద్దది మరువ, చిన్నవాడు బుడ్డోడు. ఒక వేసవిలో వడగాలి కొట్టి బుడ్డోడు పోయాడు. మరువకు తమ్ముడంటే ప్రాణం. వాడు లేని పొదలో ఆ పిల్లకు పొద్దు గడిచేది కాదు.

మరువ బండయ్య దగ్గరికి వెళ్ళి, “మా తమ్ముడు ఎందుకు పోయాడు తాతా?” అని అడిగింది.

బండయ్య చాలాసేపు ఆలోచించాడు. “నాకూ తెలియదమ్మా,” అన్నాడు. “కాసేపు నా పక్కన కూర్చో.”

ఇద్దరూ కూర్చుని ఏడ్చారు. కానీ మరువకు అది చాల్లేదు. కడుపు రగిలిపోతున్న పిల్లకు తెలియదనే మాట ఎలా చాలుతుంది? ఆమెకు జవాబు కావాలి.

జవాబు ఇచ్చేవాడు ఒకడు తయారుగా ఉన్నాడు. వాడు నీలయ్య అనే నెమలి. మబ్బు పడితే నెమళ్ళు ఆడతాయి కదా. నీలయ్య ఆట చూసి అడవంతా భలే భలే అనేసరికి వాడి కళ్ళు నెత్తికెక్కాయి. మబ్బు పట్టిందని తాను ఆడటం లేదట, తాను ఆడబట్టే మబ్బు పడుతోందట. పేరు కూడా మార్చుకున్నాడు. నీలయ్యా అంటే పలికేవాడు కాదు, వానదొరా అనాలి. గుట్ట మీద ఒక మడుగు చుట్టూ తుమ్మకంపతో కంచె వేయించి, తనను నమ్మినవాళ్ళు ఆ కంచె లోపలే ఉండాలన్నాడు.

మరువ వెళ్ళి అదే ప్రశ్న అడిగితే వానదొర క్షణం కూడా ఆలోచించలేదు. చెంగమ్మ తనకు మొక్కనందుకే ఆ ఏడు వాన ఆలస్యమైందన్నాడు. వాన ఆలస్యమైనందుకే బుడ్డోడు పోయాడన్నాడు. కాబట్టి తప్పు చెంగమ్మదేనని తేల్చాడు. బాధలో ఉన్నప్పుడు ఏదో ఒక జవాబు దొరికితే చాలనిపిస్తుంది, పాపం ఆ పిల్లను తప్పు పట్టలేం. మరువ తల్లికి ఒక్క మాటైనా చెప్పకుండా కంచెలోకి వెళ్ళిపోయింది.

మొదట్లో అక్కడ అంతా బాగానే ఉండేది. అందరూ ఆమెను దగ్గరికి తీసి చెల్లీ చెల్లీ అన్నారు. తర్వాత ఒక్కొక్కటే బయటపడింది. వానదొరను ప్రశ్న అడగకూడదు. ఆయన ముందు నవ్వకూడదు. ఊట నీళ్ళు ముట్టుకోకూడదు. కంచె లోపల ఏరిన గింజల్లో గట్టివి ఆయనకు, తాలు మీకు. కంచె బయటివాళ్ళతో, కన్నతల్లయినా సరే, మాట్లాడకూడదు.

చెంగమ్మ రోజూ కంచె దాకా వెళ్ళేది. కూతురికి ఇష్టమైన లేత గరిక నోట కరుచుకుని వెళ్ళి, కంప సందులోంచి లోపలికి తోసేది. మరువ అటు తిరిగి కూర్చునేది. ఆ గరిక అక్కడే ఎండిపోయేది.

మరుసటి వేసవిలో ఒకరోజు చెంగమ్మ ఉసూరుమంటూ బండయ్య దగ్గర కూలబడింది. “తాతా, మనమూ దణ్ణం పెడతాం, వాళ్ళూ పెడతారు. మనమూ పాడతాం, వాళ్ళూ పాడతారు. మరి నా బిడ్డ అక్కడుంటే నాకెందుకింత భయం?”

“ఇక్కడి నుంచి ఇంటికి పోయేటప్పుడు నువ్వు నాతో ఏమంటావు?” అని అడిగాడు బండయ్య.

“వెళ్ళొస్తానంటాను.”

“అక్కడ ఎవరైనా ఆ మాట అంటారేమో విని రా.”

చెంగమ్మ వెళ్ళి, పొద్దు పొడిచినప్పటి నుంచి పొద్దుగూకేదాకా కంచె పక్కన చెవులు రిక్కించుకుని కూర్చుంది. పాటలు వినిపించాయి. జేజేలు వినిపించాయి. ఆ ఒక్క మాట మాత్రం ఎవరి నోటా రాలేదు. ఎలా వస్తుంది? లోపలికి పోయినవాళ్ళు ఒక్కరూ బయటికి కదలందే. తన భయం ఏమిటో చెంగమ్మకు అప్పుడు అర్థమైంది. ఇక ఆమె ఇంటికి వెళ్ళలేదు. కూతురు ఎప్పుడైనా తల తిప్పి చూస్తే తాను కనిపించాలని ఆ ఎండలో అక్కడే ఉండిపోయింది.

ఎండలు ముదిరాయి. గుట్ట మీది మడుగు ఇంకి బురదగా మిగిలింది. వానదొర పింఛం విప్పి ఎగిరెగిరి ఆడాడు. ఆకాశంలో పిసరంత మబ్బు కూడా లేదు. వాన ఏదని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. వాడే చెప్పాడు, మీలో ఎవరికో నా మీద అనుమానం ఉంది, అందుకే రాలేదు అని. అప్పటిదాకా అన్నా చెల్లీ అనుకున్నవాళ్ళు ఒకరినొకరు ఓరగా చూసుకోవడం మొదలుపెట్టారు.

ఆ మధ్యాహ్నం బయట చెంగమ్మ సొమ్మసిల్లి పక్కకు ఒరిగిపోయింది. ఇన్నాళ్ళూ అటు తిరిగి కూర్చున్న పిల్ల, తల్లి పడిన చప్పుడుకు దిగ్గున లేచింది. గబగబా వానదొర ముందుకు వెళ్ళి, “అమ్మ పడిపోయింది. ఊట దగ్గరికి తీసుకెళ్ళి నీళ్ళు పట్టాలి. వెళ్ళొస్తాను,” అంది.

అక్కడున్నవాళ్ళు ఒక్కసారిగా ఆమె నుంచి దూరం జరిగారు.

“ఇక్కడ ఆ మాట లేదు,” అన్నాడు వానదొర. “వెళ్తున్నాను అని చెప్పి పో. మళ్ళీ రావడానికి లేదు. నువ్వు బతికున్నంతకాలం నీ మీద వాన చినుకు పడదు.”

మీరైనా గడప దాటుతూ వెళ్తున్నాను అంటే అమ్మ ఊరుకుంటుందా పిల్లలూ? ‘వెళ్ళొస్తాను’ అనమని కసురుకోదూ? అది తిరిగి రానివాళ్ళు అనే మాట.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మరువ ఆ శాపాన్ని నిజంగా నమ్మింది. చచ్చేదాకా తనకిక వాన లేదనే అనుకుంది. అలా అనుకుంటూనే “వెళ్తున్నాను” అని చెప్పేసి, ముళ్ళు ఒంటిని చీరుతున్నా కంప సందులోంచి దూరి బయటికొచ్చింది.

తల్లిని లాగుతూ, తోస్తూ ఎలాగో ఊట దగ్గరికి చేర్చింది. ముందుకాళ్ళు నీళ్ళలో తడిపి తల్లి ముఖం తుడిచింది. అక్కడున్నవాళ్ళెవరూ ఇన్నాళ్ళూ ఏమైపోయావని ఆ పిల్లను నిలదీయలేదు. కొండముచ్చు పక్కకు జరిగి చోటిచ్చాడు. నువ్వూ నీళ్ళు తాగమని బండయ్య చెప్పాడు.

“దణ్ణం పెట్టాలంటే నాకు భయంగా ఉంది తాతా,” అంది మరువ.

“పెట్టకు. ముందు నీళ్ళు తాగు,” అన్నాడు బండయ్య.

చెంగమ్మ కళ్ళు తెరిచి కూతురిని చూసింది. తల్లి తేరుకున్నాక మరువ ఆమె పొట్టలో ముఖం దాచుకుని జరిగిందంతా చెప్పింది. వానదొర పెట్టిన శాపమూ చెప్పింది, బుడ్డోడు నీ వల్లే పోయాడని ఇన్నాళ్ళూ నమ్మానని కూడా చెప్పింది. చెంగమ్మ కోప్పడలేదు. ఆ రోజు వాడిని చల్లటి బండ కింద పడుకోబెట్టి ఉంటే బతికేవాడేమోనని తానూ రోజూ అనుకుంటూనే ఉన్నానంది. ఆ మాట వినేసరికి మరువకు దుఃఖం ఆగలేదు. తమ్ముడు పోయాక తల్లీకూతుళ్ళు కలిసి ఏడవడం అదే మొదలు.

తర్వాత తొలకరి వచ్చింది. అది ఎవర్నీ అడిగి రాలేదు. ఆ సమయానికి వానదొర గట్టిగింజలు మెక్కి గురకపెట్టి నిద్రపోతున్నాడు. చినుకులకు మెలకువ వచ్చి గబగబా పింఛం విప్పబోయాడు. తడిసి బరువెక్కిన పింఛం పైకి లేవలేదు. లోపలివాళ్ళు అది చూశారు. కంచెకు అవతల కూడా ఇంతే వాన పడటం చూశారు. ఒకరి వెనక ఒకరు కంప తోసుకుని బయటికి నడిచారు. వాడు అడ్డం పడబోతే ఆ పింఛం కాస్తా కంపలో చిక్కుకుని ఈకలన్నీ ఊడివచ్చాయి. చివరికి కంచెలో వాడొక్కడే మిగిలాడు. నీలయ్యను కూడా ఊట దగ్గరికి రమ్మని బండయ్య ముళ్ళపందితో కబురు పెట్టాడు. ఆ పేరుతో పిలిస్తే వాడు పలకలేదు.

మరువ మాత్రం వాన మొదలవగానే ఒక బండ కిందికి దూరి ముడుచుకుని కూర్చుంది. అడవంతా తడుస్తుంటే తానొక్కతే పొడిగా మిగిలిపోతానేమో, అది అందరూ చూస్తారేమో అని ఆమె భయం. చెంగమ్మ వానలో నిలబడి పిలిచింది. మరువ రాలేదు. చెంగమ్మ బతిమాలలేదు, చెయ్యి పట్టి లాగలేదు. బండకు ఎదురుగా తడుస్తూ నిలబడింది. చాలాసేపటికి మరువే లేచి, కళ్ళు గట్టిగా మూసుకుని ఒక అడుగు బయటికి వేసింది.

ఒక చినుకు ఆమె ముక్కు మీద పడింది. ఇంకొకటి చెవి మీద పడింది. తర్వాత ఒళ్ళంతా తడిసిపోయింది.

“అమ్మా, నా మీద కూడా పడుతోంది,” అంది మరువ.

“పడకేం చేస్తుందే పిచ్చితల్లీ,” అని చెంగమ్మ కూతురిని దగ్గరికి తీసుకుంది.

నీతి: ప్రశ్న అడగనిచ్చేది, పోయి రానిచ్చేది మతం. భయపెట్టి, అయినవాళ్ళకు దూరం చేసి కట్టిపడేసే చోటు ఎంత పవిత్రంగా కనిపించినా అక్కడ ఉండకూడదు.