చిలుక కంఠతా పట్టిన రంగమంటపం

అనగా అనగా, మన తాతలకి తాతలు పుట్టకముందు, రత్నకేతుడని ఒక రాజు ఉండేవాడు. ఆయన తాతగారు ఊరంతా కూర్చుని పాటలు వినడానికి, నాటకాలు చూడ్డానికి ఒక రంగమంటపాన్ని పట్టుగుడ్డ మీద గీశాడు. వేదిక మీద గుసగుసలాడినా చివరి వరుసకి వినపడాలి, అలా గీశాడు మహానుభావుడు! కట్టేలోపే ఆయన పోయాడు. గుడ్డనేమో ధూమ్రనేత్రుడనే మాంత్రికుడు ఎత్తుకుపోయాడు.

రత్నకేతుడు ముసలివాడయ్యాడు. చెవులు మందగిస్తున్నాయి. ముగ్గురు కొడుకుల్నీ పిలిచి, "నాయనలారా, నాకు పూర్తిగా చెవుడు రాకముందే మా తాతగారి మంటపంలో ఒక్క పాట వినాలి. కట్టినవాడిదే సింహాసనం" అన్నాడు.

పెద్దవాడు పాలరాతితో కట్టాడు. పొరుగు రాజకుమార్తె మధుమతి వచ్చి పాడింది. పాపం, ఆ పిల్లది సన్నని గొంతు. చివరి వరుసలో కూర్చున్న రాజు, "ఏమీ వినపడలేదురా" అన్నాడు. రెండోవాడు ఇంకోటి కట్టి గోడలకి బంగారు రేకులు తాపడం చేయించాడు. మధుమతి మళ్లీ పాడింది. "ఏమీ వినపడలేదురా" అన్నాడు రాజు.

మూడోవాడు సుధన్వుడు. "ముత్తాతగారి గుడ్డ లేకుండా ఎన్ని కడితే ఏం లాభం?" అని మాంత్రికుణ్ణి వెతుక్కుంటూ బయలుదేరాడు. సముద్రం ఒడ్డున ఒక తాబేలు వెల్లకిలా పడి కొట్టుకుంటోంది. దాన్ని తిరగేశాడు.

"చల్లగా ఉండు నాయనా! ఎక్కు నా వీపు" అంది తాబేలు. ఒక సముద్రం దాటించింది, రెండో సముద్రం దాటించింది, అలా అలా ఏడు సముద్రాలూ దాటించింది. "మాంత్రికుడి ప్రాణం వాడి పంజరంలో చిలుకలో ఉంది సుమా!" అని చెవిలో చెప్పింది.

సుధన్వుడు తిన్నగా మాంత్రికుడి ఇంటికి వెళ్లి చిలుకను పట్టుకున్నాడు. మాంత్రికుడు గిలగిల్లాడిపోయాడు.

"మా ముత్తాత గుడ్డ ఏదిరా?"

"పంజరం కింద పరిచాను బాబూ!"

తీసి చూస్తే ఏముంది? జామగింజలు, రెట్టలు, చిల్లులు! ఒక్క గీతా మిగల్లేదు. సుధన్వుడికి ఏడుపొచ్చింది. ఆ కోపంలో చిలుక పీక నొక్కబోయాడు.

"ఆగు రాకుమారా! ఇన్నేళ్లూ నాకు చూడ్డానికి ఆ గుడ్డ తప్ప ఇంకేముంది? ప్రతి గీతా కంఠతా వచ్చు" అంది చిలుక.

ఇంకేం, చిలుకని భుజాన పెట్టుకుని తిరిగొచ్చాడు. ప్రాణం దాన్లోనే ఉందాయె, మాంత్రికుడూ వెనకాలే వచ్చాడు. "ఈ గోడలో కుండ పెట్టండి, మూతి లోపలికి. అక్కడ ఇంకోటి. పాట వాటిల్లో మోగి చివరిదాకా వెళ్తుంది" అని చిలుక చెబుతుంటే తాపీవాళ్లు నవ్వారు. నవ్వుతూనే పెట్టారు. ఇటుకలు మోసింది మాంత్రికుడే. మంటపం లేచేసరికి ఊరు ఊరంతా నోరు తెరిచి చూసింది. ఎంత అందం, ఎంత అందం!

మధుమతి జోలపాట పాడింది. రాజు కళ్లు మూసుకుని చివరి వరుసలో కూర్చున్నాడు. పాట అయిపోయినా కళ్లు తెరవలేదు.

"నాన్నగారూ, వినపడిందా?" అన్నాడు సుధన్వుడు భయంభయంగా.

"వినపడిందిరా! పాటే కాదు, పాడబోయే ముందు ఆ తల్లి ఊపిరి పీల్చుకోవడం కూడా వినపడింది" అని రాజు కొడుకుని కావలించుకున్నాడు.

"ఇంతటిదాన్నా నేను చిలుక కింద పరిచింది!" అని మాంత్రికుడు భోరుమన్నాడు. మంత్రాలు మానేసి, ఆ మంటపంలో దీపాలు వెలిగించే పనికి కుదిరాడు. సుధన్వుడికీ మధుమతికీ అక్కడే పెళ్లయింది. వాళ్లు చాలాకాలం చల్లగా ఏలారు. పెద్ద పండగల్లో సుధన్వ మహారాజు కూర్చునేది మాత్రం ముందు వరుసలో కాదు, చిట్టచివర తండ్రి కూర్చున్న చోటే.