పెద్దల సభా, ప్రభువుల పులుసూ

సముద్రం ఒడ్డున ఒకానొక రాజ్యం ఉండేది. పేరు మకరపురి. దాన్నేలే ప్రచండసేన మహారాజు మనిషి మంచివాడే గానీ, కోపం ముక్కుమీదే ఉండేది. పైగా నోరు తెరిస్తే గొప్పలు. ఆయన చెయ్యి మీసం మీదికి వెళ్ళిందంటే ఆస్థానంలో అందరూ గంగిరెద్దుల్లా తలలూపాల్సిందే.

ఆయన తాతగారు మాత్రం బహు నిదానస్తుడు. ఏ ఒక్కరి కోపమూ తెల్లారేసరికి చట్టమైపోకూడదని రెండు సభలు పెట్టిపోయాడు. మొదటిది ప్రజాసభ. జనం ఎక్కువున్న సీమ నుంచి ఎక్కువమంది, తక్కువున్న సీమ నుంచి తక్కువమంది అందులో కూర్చుంటారు. రెండోది పెద్దల సభ. దానికి పెద్ద సీమైనా చిన్న సీమైనా ఇద్దరేసి మనుషులు. ఒకే మాట మీద రెండు సభలూ సరేనన్నాకే రాజుగారు ముద్ర వేయాలి. అప్పటిదాకా అది చట్టం కాదు. ఇంత ఆలోచించిన పెద్దాయన ఒక్కచోట పప్పులో కాలేశాడు. పెద్దల సభను మూసేసే అధికారాన్ని రాజు చేతిలోనే ఉంచేశాడు.

ఆ పెద్దల సభలో రేవుసీమ తరఫున కూర్చునేవాడు మాచన. మాటకారి. రాజుగారికి అతని మాటలంటే ఇష్టమూ ఉంది, కాస్త భయమూ ఉంది.

ఒకనాడు సందెవేళ మహారాజుగారు విహారనౌకలో షికారు వెళ్తే, చీకట్లో చేపల పడవ ఒకటి వచ్చి తగిలింది. ఎవరికీ చిన్న దెబ్బైనా తగల్లేదు. ప్రభువులవారి కిరీటం మాత్రం బుడుంగున నీళ్ళలో పడింది. ఇంకేముంది! మర్నాడు పొద్దున్నే ప్రజాసభలో కొత్త చట్టం ప్రత్యక్షం: పొద్దుగూకాక ఏ పడవా సముద్రంలోకి దిగకూడదు.

ప్రజాసభలో రేవుసీమవాళ్ళు గుప్పెడుమంది. రాజుగారు ఎదురుగా కూర్చుని మీసం దువ్వుతుంటే, జన్మలో సముద్రం చూడని లోపలి సీమలవాళ్ళంతా "సరే! సరే!" అని ఒకటే అరుపులు. రేవువాళ్ళ గొంతు ఎవరికీ వినపడలేదు.

ఆ సాయంత్రం నూకమ్మ అనే బెస్తావిడ మాచన ఇంటికొచ్చి గుమ్మంలో కూలబడింది.

"బాబూ, మా వలలో చేప పడేదే చీకట్లో. పగలు వలేస్తే నాచు తప్ప ఏవీ రాదు. రాత్రి పడవ దింపొద్దంటే మా పిల్లల నోట్లో మట్టి కొట్టినట్టే గదా! ఆ కిరీటం కోసం నీళ్ళలోకి దూకి తీసిచ్చింది కూడా మా ఆయనే బాబూ!"

మాచనకు మనసు చివుక్కుమంది. "ఈ మాట నాతో కాదమ్మా, సభలో చెప్పు. ఇంకా రెండో సభ ఉందిగా" అన్నాడు.

పెద్దల సభలో రేవుసీమకూ అందరితో సమానంగానే మనుషులున్నారు. కాబట్టి నూకమ్మ మాట అక్కడ అందరూ విన్నారు. విని, చట్టంలో మాట మార్చారు. రాత్రిపూట పడవలు తిరగొచ్చు, కానీ ప్రతి పడవ తెరచాప కొయ్యకూ దీపం వేలాడాలి. రాజుగారి నౌకకైనా సరే. అలా మార్చి, మీరూ ఒప్పుకుంటారేమో చూడండంటూ ప్రజాసభకు తిప్పి పంపారు.

ఈ సంగతి విని మహారాజు సింహాసనం మీంచి లేచి నిలబడ్డాడు.

"ఏమిటయ్యా ఈ పెద్దల సభ? ప్రజాసభ చెప్పిందానికి వీళ్ళు అవునంటే, అది దండగ! కాదంటే, అది బెడద! ఎటు చూసినా పనికిరాని సభ. ఇవాళే మూసేస్తాను!"

ఆస్థానమంతా "ఆహా, ఏం తర్కం ప్రభూ!" అంది. మాచన మాత్రం తల ఊపలేదు. సభ పోతే దీపమూ పోతుంది, నూకమ్మ పొయ్యిలో పిల్లి పడుకుంటుంది. అయినా తమాయించుకుని చేతులు కట్టుకుని లేచాడు.

"ప్రభూ, ఈ తర్కం సభకేనా, కోటకు కూడానా?"

"తర్కమంటే తర్కమే! ఒకరు చేసిన పనిని మళ్ళీ ఇంకొకడు చూడ్డమేమిటి? నా కోటలో అలాంటి దండగమారి ఉంటే ఇప్పుడే ఇంటికి పంపెయ్. ఆ పని నీకే అప్పగిస్తున్నా. భోంచేసి సభను మూసే ఆజ్ఞ మీద ముద్ర వేస్తాను. వంట తొందరగా కానివ్వమనండి!"

"చిత్తం" అని మాచన తిన్నగా వంటశాలకు నడిచాడు.

అక్కడ వంటవాడు చెమటలు కక్కుతూ వంజరం చేపల పులుసు దించుతున్నాడు. పక్కనే అప్పన్న. రాజుగారు ముద్ద నోట్లో పెట్టుకునేముందు ప్రతి గిన్నే రుచి చూడడం అతని ఉద్యోగం. పులుసు కాస్త నాలిక్కి రాసుకుని మొహం వికారంగా పెట్టి, మాచన చెవిలో గొణిగాడు.

"అయ్యగారూ, చేదు! తొందరలో చేప కడుపులోని చేదు తిత్తి పగలగొట్టేసినట్టున్నారు. ఇది పంపిస్తే ఇంతే సంగతులు."

మాచన కళ్ళు మెరిశాయి. "అప్పన్నా, రాజాజ్ఞ. ఈ క్షణం నుంచి నీకు ఉద్యోగం లేదు. నోరు మూసుకుని ఇంటికెళ్ళు. రేపు మళ్ళీ పిలుస్తాలే."

రాజుగారు పీటమీద కూర్చున్నారు. వెండిగిన్నెలో పులుసు పొగలు కక్కుతోంది. చెయ్యి చాచి, చటుక్కున ఆగారు.

"అప్పన్న ఏడీ?"

"ఇంటికి పంపేశాను ప్రభూ. ఏలినవారి ఆజ్ఞేగా."

"వాణ్ణా! నీకు మతిగానీ పోయిందా?"

"వంటవాడు చూసి దించిన పులుసును అప్పన్న మళ్ళీ చూడ్డమేమిటి ప్రభూ? బాగుందంటే, వాడు దండగ. బాగాలేదంటే, వాడు బెడద."

రాజుగారు చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. ఉప్పెక్కువైందని నిన్ననే నలుగురిలో వంటవాణ్ణి చెడామడా తిట్టిన సంగతి గుర్తొచ్చింది. "అంటే... వంటవాడు నమ్మకస్తుడే కదా?"

"అందులో సందేహమేముంది? ప్రజాసభవాళ్ళూ నమ్మకస్తులే."

కడుపులో ఎలకలు పరిగెడుతున్నాయి. చుట్టూ పరివారం చూస్తోంది. ఇప్పుడు భయపడితే పరువేం కావాలి? మహారాజు కళ్ళు మూసుకుని ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. మరుక్షణం "విషం! విషం!" అంటూ గావుకేక పెట్టాడు.

భటులు కత్తులు దూశారు. వంటవాడు పరుగున వచ్చి కాళ్ళమీద పడ్డాడు. మాచన తాపీగా వంగి, అదే గిన్నెలోంచి ఒక ముక్క నోట్లో వేసుకుని, మొహం చిట్లిస్తూనే మింగేశాడు.

"విషం కాదు ప్రభూ, వట్టి చేదు. పాపం వంటవాడికి దురుద్దేశం లేదు, తొందరపడ్డాడు. తొందరపెట్టింది ఎవరో మాత్రం నేను చెప్పను."

రాజుగారు గబగబా నీళ్ళు పుక్కిలించారు.

"అప్పన్న ఉంటే ఈ గిన్నె వంటింట్లోకి తిరిగెళ్ళేది. తమరికి భోజనం కాస్త ఆలస్యమయ్యేది, అంతే. పెద్దల సభ చేసిందీ అదే ప్రభూ. తమరి చట్టాన్ని పారబొయ్యలేదు. దీపం పెట్టి తిప్పి పంపింది. ఆనాడే పడవలకు దీపాలుంటే తమరి కిరీటం నీళ్ళపాలయ్యేదా? దూకి తీసిచ్చినవాడి కూడు పోగొట్టడం తమరికి మాత్రం ఇష్టమా?"

మహారాజు పులుసు గిన్నెను పక్కకు నెట్టాడు. ఉన్నట్టుండి "ఇది చేదని నీకు ముందే తెలుసా?" అన్నాడు.

"అప్పన్న చెప్పాడు ప్రభూ. తమరి తర్కం ప్రకారం అతని మాట వినిపించుకోలేదు."

ఆ మాటకు రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. "ఓరి మాచనా! నా మాటే నాకు వడ్డించావురా! ఏం కావాలో కోరుకో."

"పెద్దల సభను మూసే అధికారం ఒకటుంది కదా ప్రభూ, అది తమరొక్కరి చేతిలో వద్దు. ఇకమీదట మూయాలంటే రెండు సభలూ ఒప్పుకోవాలి."

"నా చేతులు నా చేతే కట్టిస్తున్నావే!" అన్నారు రాజుగారు. అన్నారే గానీ ఒప్పుకున్నారు. తన వేలి ఉంగరం కూడా తీసి మాచన చేతికి తొడిగారు. ఆ ఏర్పాటుకూ దీపాల చట్టానికీ ప్రజాసభ, పెద్దల సభ రెండూ ఒకే మాటగా సరేనన్నాయి. ముద్ర పడింది.

మర్నాడు సందెవేళ రాజుగారు మేడమీద భోజనానికి కూర్చున్నారు. కింద సముద్రం మీద దీపాలు ఒకటొకటే వెలుగుతున్నాయి. వాటిలో నూకమ్మ పెనిమిటి పడవా ఉంది. రాజుగారు వాటికేసి ముచ్చటగా చూస్తున్నారు. ఎదురుగా అప్పన్న కొత్త పులుసు ఒకసారి రుచి చూశాడు, ఆలోచించాడు, మళ్ళీ చూశాడు, ముక్క తీసుకుని నములుతూ కూర్చున్నాడు.

"ఎంతసేపురా? ఆకలేస్తోంది!" అని గద్దించారు రాజుగారు.

"రెండో సభను కదండీ ప్రభూ," అన్నాడు అప్పన్న, "కాస్త చర్చ జరగాలి."

మహారాజు ఎంతలా నవ్వారంటే, ఆ నవ్వు కింద పడవలవాళ్ళకూ వినపడింది. నవ్వి నవ్వి, ఆ పులుసులో సగం అప్పన్నకే పెట్టించారు.